టైలరు తాత రాని వేసవి

ఆ వేసవిలో మా కొట్టుకి వెబ్‌సైట్ పెట్టింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ నన్ను ఇందుకు ఒక్క మాట అనలేదు. మా ఆయన అనలేదు. మామయ్య అసలే అనలేదు. అనవలసినవాళ్ళు అనకుండా ఊరుకుంటే ఆ పని మనమే చేసుకోవాల్సి వస్తుంది. అది ఇంకా కష్టం.

మాది బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కొట్టు. కొట్టు అనగానే పెద్దగా ఊహించుకోకండి. బజారు వెనక సందులో, సైకిళ్ళు బాగుచేసే షాపు పక్కన మెట్లెక్కి వెళితే పైన ఒక్క గది. మూడు మిషన్లు, ఒక కటింగు బల్ల, గోడ నుంచి గోడకి కట్టిన తీగ మీద వేలాడే చొక్కాలు. మా ఆయన గుడ్డ కత్తిరించేవాడు, మామయ్య కుట్టేవారు, కాజాలూ గుండీలూ ఇస్త్రీ నావి. ఏడాదిలో పది నెలలు ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే. సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి బడి తెరిచేదాకా మాత్రం ఊపిరి సలిపేది కాదు. ఆ రెండు నెలల పని మీదే ఇల్లు నడిచేది.

ఆ పని దానంతటది వచ్చేదని నేననుకునేదాన్ని. అక్కడే నా తెలివి బయటపడింది.

మామయ్య కుట్టిన ప్రతి పాంటుకీ కింద, ప్రతి గౌనుకీ అంచున, నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ లోపలికి మడిచి ఉండేది. పిల్లలు ఏడాదిలో ఎంత పెరుగుతారో అంత. సెలవులు సగానికి వచ్చేసరికి ఆయన ఒక గుడ్డసంచిలో కత్తెర, సూదులు, మూడు రంగుల దారం, టేపు వేసుకుని బయల్దేరేవారు. బజారుకి అవతల నాలుగు వీధులు. ఇంటింటి ముందూ ఆగి, మెట్టు మీద కూర్చుని, కిందటేడు తాను కుట్టినవి తెప్పించుకుని, ఆ మడత విప్పి కాస్త కిందికి దించి, అక్కడికక్కడే మళ్ళీ కుట్టి ఇచ్చేవారు. ఊరికే. చిల్లిగవ్వ తీసుకునేవారు కాదు. కొత్తవి కుట్టించుకోమని నోరు తెరిచి అడిగేవారూ కాదు. పిల్లాణ్ణి నిలబెట్టి, పాంటు ఆనించి చూసి, “ఏరా, వచ్చే ఏటికి నన్ను దాటేస్తావా?” అనేవారంతే. ఆ తల్లే చొక్కా బిగుతైందనో, మోచేతి దగ్గర చిరిగిందనో గుర్తు తెచ్చుకుని, “ఎలాగూ వచ్చారు, రెండు జతలకి కొలతలు తీసుకోండి” అనేది. సాయంత్రానికి సంచిలో ఏమీ పెరిగేది కాదు గానీ ఆయన బుర్రలో పది ఇళ్ళ కొలతలు ఉండేవి. కుట్టడం అయ్యాక కూడా ఆయనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేవారు.

నాకు ఇది చూస్తే తల కొట్టేసినట్టుండేది. మా పిన్ని కూతురు ఒకసారి ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగుతూ తాగుతూ, “మీ మామగారు ఇళ్ళమ్మట తిరుగుతారటగా? ఎవరి మెట్ల మీదో కూర్చుని కనిపించారు” అంది. ఆ మాట నా చెవిలో జోరీగలా తిరిగింది. పెళ్ళికి ముందు ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకున్నదాన్ని, నా అత్తింటివాళ్ళు మెట్ల మీద కూర్చోవడమా అని నాకు రోషం.

ఒకరోజు భోజనాల దగ్గర ఎత్తుకున్నాను.

“మామయ్యా, మనం ఊరికే దించి ఇస్తుంటే వాళ్ళు కొత్తవి ఎందుకు కుట్టించుకుంటారు?”

“కుట్టించుకుంటున్నారుగా అమ్మా.”

“మీరు ఎండలో తిరక్కపోయినా కుట్టించుకుంటారు. ఇప్పుడు ఎవరికేం కావాలన్నా ఫోన్లోనే చూస్తున్నారు. అందులో మనం కనపడకపోతే లేనట్టే.”

ఆయన ఫోను పట్టుకునే మనిషి కాదు. మోగితే మా ఆయనకి అందిస్తారు.

“అందులో కనపడితే చాలా?” అని అడిగారు.

నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను దాన్ని ఎత్తిపొడుపు అనుకున్నాను.

“చాలు” అన్నాను. నా మొహానికి అంత ధైర్యం ఎక్కడిదో.

సైటు తయారు చెయ్యడానికి మూడు వారాలు పట్టింది. పగలు కాజాలు, సాయంత్రాలు సైటు. కొట్టుకి ఉన్న పాత పేరు మరీ మొరటుగా ఉందని కొత్తది, నోరు తిరగనంత గొప్పది పెట్టాను. మామయ్య చేత ఇస్త్రీ చొక్కా తొడిగించి ఫోటో తీశాను. నవ్వమంటే నవ్వలేదు, మిషను ముందు కూర్చున్నట్టే నిటారుగా కూర్చున్నారు. హుందాగా ఉంటుందని ఆ ఫోటోని నలుపు తెలుపులోకి మార్చి, కింద ‘మా వ్యవస్థాపకులు’ అని, కొట్టు మొదలుపెట్టిన ఏడాది వేశాను. ఇంకో పేజీలో మనిషి బొమ్మ గీసి, ఛాతీ, నడుము, పొడవు అని గడులు పెట్టాను. కొలతలు ఎవరివి వాళ్ళే తీసుకుని పంపితే చాలు. అన్నిటికన్నా కింద, ‘పొడవు పెంచుట, తగ్గించుట: తగిన రుసుముతో’ అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను.

మా ఆయన చూసి “బాగుంది” అన్నాడు. సాయంత్రమంతా వేలితో కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నాడు. మొదటి రోజు ముప్పై ఆరుగురు చూసినట్టు లెక్క చూపించింది. అందులో ముప్పై సార్లు మా ఆయనేనని నాకు తర్వాత తెలిసింది.

మామయ్యకి ఆ లెక్క మీద ఆసక్తి పుట్టింది. రోజూ పొద్దున మిషను మీద కప్పిన గుడ్డ తీస్తూ అడిగేవారు.

“నిన్న ఎంతమంది వచ్చారమ్మా?”

“పద్దెనిమిది మంది మామయ్యా.”

“ఒక్కరూ పైకి రాలేదే.”

“పైకి రారు. అక్కడే చూసి వెళ్తారు.”

“ఏం, నచ్చలేదా?”

“అలా కాదు మామయ్యా, నిదానంగా వస్తారు.”

“ఓహో” అనేవారు. నేను చెప్పింది ఆయన బుర్రకి ఎక్కిందని కాదు. నేను చెప్పాను కాబట్టి నిజమే అయ్యుంటుందని.

రెండో వారంలో ఒక ఆర్డరు వచ్చింది. మామయ్య చేతికి సుద్దముక్క అందించి కొలతలు గట్టిగా చదివాను. పిల్లాడి ఛాతీ ఇరవై తొమ్మిది, నడుము డెబ్భై. ఒకటి అంగుళాల్లో, ఇంకోటి సెంటీమీటర్లలో రాసినట్టున్నారు. మామయ్య సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, “ఈ బిడ్డకి టైలరు కాదమ్మా, డాక్టరు కావాలి” అన్నారు. మా ఆయన కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. కొలతలు సరిచూసి పంపమని ఆ మనిషికి రాశాను. జవాబు రాలేదు. ఆ తర్వాత సోఫా కవర్లు కుడతారా అని ఎక్కడో దూరాన్నుంచి ఒకరు అడిగారు. మీ సైటుని అందరికన్నా పైన కనిపించేలా చేస్తాం, ఇంత ఇవ్వండని ఇంకొకరు. మా సైటు చూసి మాకు ఏదో అమ్ముదామనుకున్నవాళ్ళే గానీ, మా దగ్గర కుట్టించుకుందామని వచ్చినవాళ్ళు లేరు.

సెలవులు సగానికి వచ్చాయి. ఆ రోజు నేను ఇస్త్రీపెట్టె వేడెక్కడం కోసం చూస్తున్నాను. మామయ్య మేకుకున్న గుడ్డసంచి తీసి, కత్తెర మొన చూసుకుని లోపల వేసి, చెప్పులు తొడుక్కున్నారు.

“ఎక్కడికి మామయ్యా?”

“ఒక్కసారి అలా చుట్టి వస్తానమ్మా. టైమయిందిగా.”

“మరి ఇదంతా ఎందుకు చేసినట్టు? పొడవు దించడానికి రుసుమని సైట్లో పెట్టుకుని, మీరు మళ్ళీ వెళ్ళి ఊరికే దించి ఇస్తే నవ్వులపాలు కామా?”

నా గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. మా ఆయన కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది, తల మాత్రం ఎత్తలేదు. మామయ్య కాసేపు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. తర్వాత చెప్పులు విడిచి, సంచి మళ్ళీ మేకుకి తగిలించారు.

“సరేలే అమ్మా. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది” అన్నారు.

ఆ మాటలో ఏ కాస్త వెటకారం ఉన్నా నేనిప్పుడింత బాధపడేదాన్ని కాదు. లేదు. ఆయన మిషను దగ్గర కూర్చుని, పొద్దున నూనె వేసిన దానికే మళ్ళీ నూనె వేశారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముగ్గురం గదిలో కూర్చునేవాళ్ళం. మామయ్య పాత గుండీలన్నీ డబ్బాలో పోసి సైజులవారీగా ఏరారు. అది అయ్యాక రంగులవారీగా ఏరారు. సైకిళ్ళ షాపులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే మెట్ల వైపు చూసేవారు. కింద చప్పుడైతే నేనూ చూసేదాన్ని, కానీ చూడనట్టు.

ఒక మధ్యాహ్నం మా ఆయన బయటి నుంచి వచ్చి, చెమట తుడుచుకోకుండానే అన్నాడు. “మన వీధుల్లో ఎవరో టేపు మెళ్ళో వేసుకుని తిరుగుతున్నాడు. పెద్దరోడ్డు మీద రెడీమేడ్ షాపు వాళ్ళ మనిషట. చేతిలో నమూనా జతలున్నాయి. పరీక్షల ఫలితాలు ఇచ్చిన రోజే బడి గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళని నిలబెట్టారట, పిల్లల సైజులు రాసుకోవడానికి.”

“వాళ్ళకీ సైటు ఉంది. బొమ్మలు కదులుతాయి అందులో” అన్నాను.

“ఉన్నా తిరుగుతున్నారు కదా మరి.”

“తిరగనీ. పాతకాలపు పద్ధతి.”

పాతకాలపు పద్ధతి అని ఈ నోటితోనే అన్నాను. మామయ్య గుండీల డబ్బా మూత పెట్టి పక్కన పెట్టారు, అంతే.

బడి తెరవడానికి ఎనిమిది రోజులున్నాయనగా నాకు భయం పట్టుకుంది. అప్పటికి చేతిలో ఉన్నవి రెండు జతలు, రెండూ సైకిళ్ళ షాపాయన పిల్లలవి. ఎవరికీ చెప్పకుండా, ఫోనులో సైటు తెరిచి పెట్టుకుని, ఆ నాలుగు వీధులకీ నేనే వెళ్ళాను. ఇళ్ళమ్మట తిరగడం నామర్దా అన్నదాన్ని, వెళ్ళాను.

మొదటి ఇల్లు బస్సు డ్రైవరు గారిది. వాకిట్లో తీగ మీద కొత్త యూనిఫాంలు రెండు జతలు ఆరుతున్నాయి. కాలరు వెనక రెడీమేడ్ షాపు ముద్ర కనిపిస్తూనే ఉంది. డ్రైవరు గారి భార్య గేటు దగ్గరికొచ్చి, “ఎవరమ్మా?” అంది. కొట్టు కొత్త పేరు చెప్పాను. అర్థం కాలేదు. పాత పేరు చెప్పాను. అదీ తెలియదంది.

“సెలవుల్లో వచ్చి పాంట్లు దించి ఇస్తారు చూడండి, ఆ పెద్దాయన కోడల్ని.”

ఆవిడ మొహం మారిపోయింది. గబగబా గేటు తీసి నా చెయ్యి పట్టుకుంది.

“లోపలికి రామ్మా. టైలరు తాత కోడలివా? ఎప్పుడు పోయారమ్మా?”

“ఎవరు?”

“తాత.”

“పోలేదండీ, ఉన్నారు. కొట్లోనే ఉన్నారు” అన్నాను.

ఆవిడ చెయ్యి వదిలేసింది. మొదట సిగ్గుపడింది. తర్వాత ఆవిడకి కోపం వచ్చింది, రావాల్సిందే.

“మరి రాలేదేం? మా పెద్దాడు ఒకటో తరగతిలో ఉన్నప్పటి నుంచీ వస్తున్నారు. ఏడాది తప్పలేదు. ఎండ లేదు, జ్వరం లేదు, వచ్చేవారు. అలాంటి మనిషి రాకపోతే ఏమనుకుంటాం? ఆ రెడీమేడ్ మనిషి రెండుసార్లు వస్తే తాతొస్తారు, మాకొద్దు అని పంపేశాను. మూడోసారి ఇంక మా ఆయనే అన్నారు, పెద్ద వయసు కదా, పోయుంటారు అని.”

“ఒక్కసారి కొట్టుకి వచ్చి అడగాల్సింది.”

“కొట్టు ఎక్కడో మాకేం తెలుసమ్మా? ఆయనే వచ్చేవారు, ఆయనే తెచ్చిచ్చేవారు.”

“సైటు పెట్టామండీ. అడ్రసు అందులో ఉంది.” నేను ఫోను చూపించాను.

ఆవిడ చూసింది. “ఈ పేరు మాకెలా తెలుస్తుంది?” అంది. “తాత పేరే మాకు తెలీదు.”

ఆ రోజు పదకొండు ఇళ్ళు తిరిగాను. నాలుగు ఇళ్ళలో ఆయన ఎప్పుడు పోయారని అడిగారు. మిగతా ఇళ్ళలో అడగలేదు గానీ నా వైపు చూసిన చూపు అదే. అన్ని ఇళ్ళలోనూ రెండేసి జతలు కొనేశారు. మా సైటు చూసిన ఇల్లు నాకు దొరికింది ఒక్కటే. ఆ ఇంట్లో కాలేజీ చదివే అమ్మాయికి ఎవరో పంపితే చూసిందట. “నలుపు తెలుపు ఫోటో, కింద ఏడాది వేశారు కదా ఆంటీ, దాంతో మాకు రూఢి అయిపోయింది” అంది, ఓదార్పుగా.

తిరిగొచ్చేసరికి మామయ్య మెట్ల మొదట్లో నిలబడి ఉన్నారు. నేనెక్కడికి వెళ్ళానో ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. బహుశా నా చెప్పులకంటిన దుమ్మే చెప్పుంటుంది.

“ఏమన్నారమ్మా మనవాళ్ళు?”

అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. మీరు పోయారనుకుంటున్నారు మామయ్యా, సంచి తీసుకుని రేపొద్దున్నే బయల్దేరండి అని. ఆయన మనసు కష్టపెట్టకూడదని చెప్పలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. చెబితే ఎందుకలా అనుకున్నారో కూడా చెప్పాలి. అక్కడికొచ్చేసరికి నా నోరు పెగల్లేదు.

“చాలామంది ఊళ్ళకెళ్ళారు మామయ్యా. తాళాలేసి ఉన్నాయి. వచ్చాక వాళ్ళే వస్తారు” అన్నాను.

“అంతేలే. సెలవులు కదా” అన్నారాయన.

బడి తెరిచే రోజు పొద్దున ఆయన ఏటా బడి గేటుకి ఎదురుగా వెళ్ళి నిలబడతారు. తాను కుట్టినవి పిల్లల ఒంటి మీద ఎలా కూర్చున్నాయో చూసుకోవడం ఆయన సరదా. ఆ ఏడూ బయల్దేరారు. వద్దనడానికి నాకు ముఖం లేదు, ఆయన్ని ఒక్కరినే పంపడానికి మనసొప్పలేదు. వెంట వెళ్ళాను. సన్నగా చినుకు పడుతోంది. పిల్లలు గుంపులుగా వస్తున్నారు, కొత్త గుడ్డ బిరుసుకి చేతులు ఎడంగా పెట్టుకుని నడుస్తున్నారు.

“వీడిది మనది కాదు” అన్నారు మామయ్య. కాసేపటికి, “దీనిదీ మనది కాదు. భుజం కుట్టు చూడు, ఎంత వెనక్కి పోయిందో.” ఇంకాసేపటికి ఏమీ అనడం మానేశారు. తాళాలేసిన ఇళ్ళవాళ్ళు ఎక్కడున్నారని నన్ను అడగలేదు.

ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతె తల్లి చెయ్యి విడిపించుకుని మా ముందుకొచ్చి ఆగింది. ఆ పిల్ల ఇంటికి నేను వెళ్ళలేదు. మామయ్యని కిందినుంచి పైదాకా చూసి, వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది.

“అమ్మా, టైలరు తాత చచ్చిపోలేదు.”

తల్లి పరుగున వచ్చి పిల్ల నోరు మూసింది. “ఏమనుకోకండి, పిల్లదానికేం తెలుసు. మీరు బాగున్నారా?” అంది. ఆవిడ కళ్ళు తడయ్యాయి. మామయ్య వంగి, పిల్ల తల మీద చెయ్యి వేసి, “బాగానే ఉన్నానమ్మా. గౌను బాగుంది. బడికి టైమవుతోంది, వెళ్ళండి” అన్నారు.

గేటు మూసేదాకా అక్కడే ఉన్నాం. తిరిగొస్తూ బజారు మలుపు తిరిగాం.

“అందరూ అలాగే అనుకున్నారా?” అని అడిగారు.

“ఊ.”

“నువ్వు తిరిగొచ్చిన రోజే నీకు తెలుసు కదూ.”

“తెలుసు మామయ్యా.”

ఆయన నడక ఆపలేదు. “ఇంకా ఎనిమిది రోజులుండేవమ్మా. ఆ రోజు చెప్పుంటే తిరిగేవాణ్ణి. బతికున్నానని చూసైనా ఇంటికో జత ఇచ్చేవాళ్ళు” అన్నారు.

సైటు పెట్టి తప్పు చేశానని నేను అప్పటిదాకా అనుకుంటున్నాను. సైటు ఎవరినీ ఏమీ చెయ్యలేదు, అది ఒక మూల పడి ఉంది. సంచి మళ్ళీ మేకుకి తగిలించేలా చేసిందీ నేనే, ఎనిమిది రోజులు మింగిందీ నేనే.

ఒక సీజను పోతే మళ్ళీ సీజను దాకా నిలబడే శక్తి మా కొట్టుకి లేదు. నెల తిరక్కుండా గది ఖాళీ చేశాం. రెండు మిషన్లు అమ్మేశాం, మామయ్యది ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆయన ఊరవతల బట్టల ఫ్యాక్టరీలో కటింగు పనికి చేరాడు. అక్కడ వంద పొరల గుడ్డ ఒక్కసారే కోస్తారట. ఎవరి కోసం కోస్తున్నామో తెలియదని మొదటి రోజు వచ్చి చెప్పాడు, మళ్ళీ ఆ పని ఊసెత్తలేదు.

వానలు బాగా పట్టుకున్నాక ఒక సాయంత్రం రెడీమేడ్ షాపు యజమాని మా ఇంటికొచ్చాడు. చెడ్డ మనిషైతే నాకు కాస్త సుఖంగా ఉండేది. గొడుగు బయటే పెట్టి, మామయ్యకి నమస్కారం చేసి, కూర్చోమన్నాకే కూర్చున్నాడు.

“మీ కోసమే వచ్చానండీ. మా మనిషి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ముందు మీ గురించే అడిగారట. వాడి మొహం చూసి గేటు తీసినవాళ్ళు తక్కువ. ఇప్పుడు రెయిన్‌కోట్లు, ఆటల బట్టలు, తర్వాత స్వెట్టర్లు. మీరు కుట్టక్కర్లేదు. ఊరికే ఆ వీధులు ఒకసారి తిరిగొస్తే చాలు.”

“మీకు సైటు ఉంది కదండీ” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

“ఉందమ్మా, ఎందుకు లేదు. అడ్రసుకీ ధరలకీ అది పనికొస్తుంది. మనల్ని ముందే తెలిసినవాళ్ళు అందులో చూస్తారు. తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్ళి కనపడాలి కదా.” చాలా మామూలుగా చెప్పాడు, ఇది ఎవరికైనా తెలిసిందే అన్నట్టు. “మీకూ కంప్యూటరు వచ్చటగా. ఆర్డర్లు ఎక్కించడానికి మాకు మనిషి కావాలి. మీరూ రండి.”

మా ఆయన నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. మామయ్య ఒక్కటే అడిగారు.

“పిల్లలు పెరిగితే దించి ఇవ్వొచ్చా?”

“మా వాటిలో దించడానికి గుడ్డ ఉండదండీ. చిన్నదైతే కొత్తది కొనుక్కుంటారు.”

నేను భోజనాల దగ్గర మామయ్యతో వాదించింది ఇదే ముక్క. వేరే నోట వింటే దాని రుచి తెలిసింది. మామయ్య తల ఊపారు.

“నడవడమేగా. నడుస్తాను” అన్నారు.

మర్నాడు ఆయన షాపువాళ్ళిచ్చిన కొత్త సంచి భుజానికేసుకుని, వాళ్ళ పేరున్న రెయిన్‌కోటు తొడుక్కుని వెళ్ళారు. నేను షాపులో గల్లాపెట్టె వెనక కంప్యూటరు ముందు కూర్చున్నాను. సాయంకాలం దీపాలు వేసే వేళకి తడిసిన పాంటుతో వచ్చారు. నా బల్లకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. యజమాని తనే స్వయంగా టీ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. నాకు ఎవరూ ఇవ్వలేదు, అది న్యాయమే.

ఆయన దగ్గర కాగితం లేదు. కళ్ళు సగం మూసుకుని ఒక్కో ఇల్లూ చెబుతుంటే నేను గడుల్లో నింపుతున్నాను.

“డ్రైవరు గారిల్లు. పెద్దాడికి రెయిన్‌కోటు, ముప్పై నాలుగు. చిన్నదానికి ఆటల బట్టలు, ఇరవై ఆరు. పెద్దాడి ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది, చెప్పు వాళ్ళకి.”

“దానికి గడి లేదు మామయ్యా.”

“ఎక్కడో ఓ చోట రాయమ్మా. లేకపోతే వాన వెనక నుంచి లోపలికి దిగుతుంది.”

ఎక్కడా రాయడానికి చోటు లేదు. ఆయన తరవాతి ఇంటికి వెళ్ళిపోయారు. ఏ పిల్ల గోళ్ళు కొరుకుతుందో, ఏ పిల్లాడికి ఒక కాలు రవ్వంత పొట్టో, ఏ తల్లి ఒక సైజు పెద్దదే అడుగుతుందో అన్నీ చెప్పారు. ఒకావిడ ఏడ్చిందన్నారు, ఒకాయన లేచొచ్చి కౌగిలించుకున్నాడన్నారు. ఆ చెప్పడంలో సంతోషమే ఉంది. నేను అంకెలు మాత్రం ఎక్కించాను. ఒక్క రోజులో ముప్పై ఒక్క ఇల్లు. వేసవి అంతా నేను ఎదురుచూసిన ఇళ్ళే, వరసగా, ఇంకొకరి పేరు కింద నా చేతుల మీదుగా వెళ్ళిపోయాయి.

నాలుగో వీధి చివరికొచ్చి ఆయన ఆగారు. టీ చల్లారిపోయింది.

“ఇంకా ఉన్నాయా మామయ్యా?”

ఆయన కళ్ళు పూర్తిగా మూసుకుని, మోకాలి మీద వేలు నెమ్మదిగా జరుపుతూ, ఆ వీధులన్నీ మనసులో ఈ చివర నుంచి ఆ చివరికి మరోసారి నడిచి చూసుకున్నారు.

“లేవమ్మా” అన్నారు. “మనవాళ్ళందరూ అయిపోయారు.”